తువాలు ఎవరి చేతిలో ఉంది?

మంచి శుక్రవారానికి ముందు రోజు సాయంత్రం మన దేవాలయాల్లో చాలాచోట్ల పాదాలు కడిగే ఆచారం ఉంది. 12 మందిని ముందే ఎంపిక చేస్తారు. వాళ్లు ఇంట్లోనే కాళ్లు శుభ్రంగా కడుక్కుని వస్తారు. కాపరి గోరువెచ్చని నీళ్లు పోసి, ఉతికిన తెల్ల తువాలుతో తుడుస్తాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగదు. అందుకే యోహాను సువార్త 13వ అధ్యాయంలో పేతురు ఎందుకంత గట్టిగా అడ్డుపడ్డాడో ఆ సాయంత్రం మనకు అర్థం కాదు.

ఆ కాలంలో అతిథుల కాళ్లు కడగడం ఇంట్లో అందరికంటే కిందివాడిగా ఎంచిన దాసుడి పని. యేసు ఆ దాసుణ్ని పిలిచి, నీ పని పవిత్రమైనది, ఓపికగా చేసుకో, పరలోకంలో నీకు బహుమానం ఉంది అని చెప్పలేదు. తానే పంక్తిలోంచి లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకున్నాడు. బోధకుడు కిందకు వంగాడు కాబట్టే పేతురు కంగారుపడ్డాడు. పై మెట్టు, కింది మెట్టు అనే లెక్క ఆ గదిలో ఒక్కసారిగా తారుమారయింది. శిష్యత్వం అంటే ఏమిటో చెప్పడానికి యేసు ఎంచుకున్న పాఠం ఇది.

జర్మనీ దైవశాస్త్ర పండితుడు డీట్రిచ్ బోన్‌హోఫర్ 1937లో శిష్యత్వం మీద రాసిన పుస్తకంలో ‘చౌక కృప’ గురించి హెచ్చరించాడు. మన నుంచి ఏమీ అడగని కృప, మన అలవాట్లను, మన లాభాలను తాకకుండా పక్కనుంచి వెళ్లిపోయే కృప అది. హిట్లర్ పాలనను ఎదిరించినందుకు ఆయన్ని 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు. బోన్‌హోఫర్ పేరు మన వేదాంత కళాశాలల్లో అందరికీ తెలుసు. మన సంఘాల్లో చౌక కృప ఏ రూపంలో ఉందన్న ప్రశ్న మాత్రం తరగతి గది దాటి బయటకు రావడం లేదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. బెంగళూరు వీధులు తెల్లవారకముందే ఊడ్చే పౌరకార్మికుల్లో పెద్ద భాగం తెలుగు మాట్లాడే దళిత మహిళలు. చెన్నైలో పారిశుద్ధ్య పనిని ప్రైవేటు కంపెనీకి ఇవ్వవద్దంటూ 2025 ఆగస్టులో రిప్పన్ బిల్డింగ్ ముందు దాదాపు రెండు వారాలు కూర్చున్న కార్మికుల్లోనూ తెలుగు ఇళ్లవాళ్లున్నారు. తాతల కాలంలో పొట్టచేత పట్టుకుని వచ్చి, గనుల్లో, రైల్వేలో, మున్సిపాలిటీల్లో స్థిరపడిన కుటుంబాలు ఇవి. వీరిలో ఎందరో ఆదివారం మన పక్కన కూర్చుని మన కీర్తనలే పాడతారు. కానుకల సంచిలో వాళ్ల కూలి డబ్బు పడుతుంది. వాళ్ల కూలి బతుకు మాత్రం మన ప్రసంగంలోకి రాదు.

వచ్చినా ఎలా వస్తుంది? ‘అమ్మా, మీరు చేసేది దేవుని సేవ’ అంటాం. ఆ మాట వినడానికి తియ్యగా ఉంటుంది. కానీ అది యేసు చేసినదానికి సరిగ్గా వ్యతిరేకం. ఆయన తువాలు తన చేతిలోకి తీసుకున్నాడు. మనం తువాలును పొగిడి, దాన్ని తరతరాలుగా మోస్తున్నవాళ్ల చేతుల్లోనే వదిలేస్తున్నాం.

కోలార్ బంగారు గనుల పట్టణంలో తెలుగు దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ తీపి మాటను ఒప్పుకోలేదు. తన ఇంటివాళ్లు, తన కాలనీవాళ్లు మరుగుదొడ్లలోని మలాన్ని చేత్తో ఎత్తాల్సి రావడం చూసి, ఆ పని ఉండనే కూడదన్నారు. సఫాయి కర్మచారీ ఆందోళన్ పేరుతో దేశమంతా తిరిగి, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మన యువత పోటీ పరీక్షల కోసం ఆయన పేరు చదువుతారు. మనలోంచి వచ్చిన మనిషి అని ఎంతమంది సండే స్కూల్ పిల్లలకు చెప్పాం?

‘సంఘం పని ఆత్మల రక్షణ, ఈ సంగతులు మనకెందుకు?’ అనే పెద్దలున్నారు. వాళ్లను మన సొంత చరిత్రే అడ్డుకుంటుంది. 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. ఆయన సాక్ష్యం విని ఒంగోలు ప్రాంతంలో విశ్వాసులైన మాదిగలు ఇక చచ్చిన పశువు మాంసం తినేది లేదన్నారు, ఆదివారం పనికి వచ్చేది లేదన్నారు, విగ్రహాలకు మొక్కేది లేదన్నారు. ఊరి పెద్దలు మండిపడ్డారు, వేధించారు. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాత వచ్చిన పెద్ద కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పని చూపించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం ముగిసేవరకు బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లకు యేసును వెంబడించడం ఒక సంగతి, కులం అంటగట్టిన బతుకును కాదనడం ఇంకో సంగతి కాలేదు. రెండూ ఒకే అడుగు. ఆ అడుగు వేసినవాళ్ల మనవలమైన మనం విశ్వాసాన్ని పాటకు, ప్రార్థనకు కుదించి, మిగతాదాన్ని లోకసంబంధం అంటున్నాం.

వాక్యం కూడా అలా విడదీయలేదు. లూకా 19లో జక్కయ్య తన ఆస్తి లెక్క తేల్చి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్న తర్వాతే, ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రకటించాడు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ప్రకారం, కోత కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుంది, ఆ మొర దేవుని చెవిన పడుతుంది. జీతాల రిజిస్టరు కూడా దేవుడు చదివే పుస్తకమే.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ‘మనం కొద్దిమందిమి. కాలం బాగాలేదు. ఇలాంటివి మాట్లాడితే ఇంకా కష్టాలు కొనితెచ్చుకున్నట్టే’ అంటారు. 2008లో కంధమాల్ హింసను చూసిన ఒడిశా విశ్వాసులకు ఈ భయం ఊహ కాదు. భయపడేవాళ్లను పిరికివాళ్లనడం మా ఉద్దేశం కాదు. కానీ మనం మొదట అడగాల్సిన న్యాయం ప్రభుత్వ కార్యాలయంలో లేదు, మన కాంపౌండ్ గోడ లోపలే ఉంది. దానికి ఊరేగింపు అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దేవాలయం వెనుక, మిషన్ హాస్టల్ వెనుక, మన బడి వెనుక సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. అది నిండినప్పుడు ఎవరు వస్తున్నారు? యంత్రమా, మనిషా? 2013 చట్టం ప్రకారం, రక్షణ పరికరాలు, భద్రతా ఏర్పాట్లు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ట్యాంకులోని విషవాయువుకు కంటికి కనిపించే రూపం లేదు. ఒకరు దిగి పడిపోతారు, కాపాడబోయి ఇంకొకరు దిగుతారు, ఇద్దరూ తిరిగి రారు. ఆ తర్వాత మనం జరిపే సంతాప ప్రార్థన ఎంత పెద్దదైనా, ముందే యంత్రం పిలిపించి ఉంటే దాని అవసరమే ఉండేది కాదు.

అలాగే ఆ బడిలో ఆయమ్మకు, హాస్టల్ స్వీపర్‌కు, దేవాలయ వాచ్‌మన్‌కు ఎంత ఇస్తున్నాం? ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం అందుతోందా? పీఎఫ్, ఈఎస్ఐ వర్తించే చోట కడుతున్నామా? సేవ పేరు చెప్పి జీతం తగ్గిస్తే, అది కూలి ఎగ్గొట్టడమే. సంఘ పెద్దల ఎన్నికలో పారిశుద్ధ్య కార్మికుడి పేరు ఎప్పుడైనా వచ్చిందా? ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె తాగి, పెళ్లి సంబంధం దగ్గర మాల ఎవరు, మాదిగ ఎవరు, రెడ్డి ఎవరని ఆరా తీసే ఇంట్లో ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

యువతకు ప్రత్యేకంగా ఒక మాట. మీ యూత్ మీటింగుల్లో ఒక నెల పాటలు, ఆటలు తగ్గించి ఈ పని పెట్టుకోండి. మీ సంఘంలో పారిశుద్ధ్య పని చేసే కుటుంబాలు ఎన్నో తెలుసుకోండి. వాళ్ల ఇళ్లకు వెళ్లి, సలహాలు చెప్పకుండా వినండి. జీతం కాంట్రాక్టర్ ఎంత ఇస్తున్నాడో, చేతికి గ్లౌజులు ఉన్నాయో లేవో, పిల్లల చదువు ఎక్కడ ఆగిందో అడగండి. 2013 చట్టాన్ని బైబిలు స్టడీలో ఆమోసు గ్రంథం పక్కన పెట్టి చదవండి. ఆ ఇంటి పిల్లవాడు చీపురు పట్టే అవసరం రాకుండా చదువుకు దారి చూపండి. సంఘ కమిటీ ముందుకు ఒక్క తీర్మానం తీసుకెళ్లండి: మన కాంపౌండ్‌లో ఏ ట్యాంకులోకీ మనిషి దిగడు, మన దగ్గర పనిచేసే ఎవరికీ కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వం. కమిటీ వాయిదా వేస్తే, వచ్చే నెల మళ్లీ గౌరవంగా అడగండి.

ఇవి చేస్తే రక్షణ దొరుకుతుందని మేము చెప్పడం లేదు. రక్షణ కృపవల్లనే, ఉచితంగానే. కానీ కృప ముట్టుకున్న ఇల్లు ముందున్నట్టే ఉండదని జక్కయ్య ఇల్లు చెబుతోంది, గుండ్లకమ్మ ఒడ్డు చెబుతోంది. యేసును వెంబడించేవాడు తన సిలువ ప్రతిదినం ఎత్తుకోవాలని లూకా 9వ అధ్యాయంలో ఉంది. ప్రతిదినం అంటే సోమవారం కూడా. తెల్లవారుజామున మన వీధి చివర చీపురు చప్పుడు వినబడే సోమవారం.