ఇసేలో పాత స్తంభాలు

జపాన్‌లో అన్నిటికంటే పవిత్రమైన షింటో గుడి ఏదంటే ఇసే పేరే చెబుతారు. సూర్యదేవత అమతెరాసు కొలువున్న చోటు. నగోయా నుంచి రైల్లో గంటన్నర. ఊరి నుంచి నాన్న వచ్చారు కదా అని ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను.

అక్కడ మనం అనుకునే దర్శనం ఉండదు. దేవతకు ప్రతీకైన అద్దం ఎవరి కంటా పడదు. కంచెల అవతల గడ్డి కప్పు కొస, ఎదురుగా తెల్లటి తెర, అంతే. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగి వచ్చేయాలి. మెట్ల పైన ఫోటోలు కూడా తీయకూడదు.

"ఇంతేనా అమ్మా?" అన్నారు నాన్న. తిరుమలలో క్షణమైనా స్వామి కనబడతాడని ఆయన లెక్క.

పక్కనున్న ఖాళీ స్థలం చూపించాను. ఇరవై ఏళ్ళకోసారి అక్కడ అచ్చం ఇలాంటి గుడే కొత్తగా కట్టి, దేవతను అందులోకి మార్చి, పాతది విప్పేస్తారు. 690లో జితో మహారాణి ఏలుబడిలో మొదలైన పద్ధతి. యుద్ధాల రోజుల్లో నూరేళ్ళకు పైగా ఆగిపోయినా మళ్ళీ అందుకున్నారు. 2013లో జరిగింది 62వది, వచ్చేది 2033లో. ఇరవై ఏళ్ళే ఎందుకంటే రకరకాల కారణాలు చెబుతారు. నాకు నచ్చింది వడ్రంగుల లెక్క: కుర్రతనంలో పనిముట్లు అందించినవాడు నలభైల్లో తానే కడతాడు, అరవైల్లో పక్కన నిలబడి నేర్పుతాడు.

నాన్న అడిగింది మాత్రం వేరు. "విప్పిన కలప ఏం చేస్తారు?"

పోయినేడు మా పెంకుటిల్లు పడగొట్టి స్థలం అపార్ట్‌మెంట్లకు ఇచ్చాం. అప్పటినుంచి ఆయన ఆ ఇంటి ఊసే ఎత్తలేదు.

ఇసుజు నది మీది ఉజి వంతెనకు రెండు చివరలా ఉన్న తోరణాలు పాత గుడుల ప్రధాన స్తంభాలతో చేసినవే. ఇక్కడ ఇరవై ఏళ్ళు నిలిచాక ఒకటి సెకికి, ఇంకొకటి కువానాకి వెళ్తాయి, అక్కడ మళ్ళీ తోరణాలుగా నిలబడతాయి. మిగతా కలప వేరే ఊళ్ళ గుళ్ళకు పంచుతారు. ఇది విని నాన్న తోరణం కిందే చాలాసేపు ఉండిపోయారు.

(వెళ్ళేవారికి ఒక మాట: ఇసే ఉడోన్ పులుసులో చేప కలుస్తుంది. శాకాహారులు పులిహోర కట్టుకెళ్ళండి. అకఫుకు అనే తీపి మాత్రం తినొచ్చు, మన పూర్ణం గుర్తొస్తుంది.)

తిరుగు రైల్లో నాన్న తమ్ముడికి ఫోన్ చేశారు. పశువుల పాకలో పడున్న రెండు టేకు స్తంభాలకు అడితి వాళ్ళు బేరం పెట్టారట.

"ఇవ్వకురా" అన్నారు.

"ఫ్లాట్లో ఎక్కడ పెడతాం నాన్నా?" అన్న తమ్ముడి గొంతు నాకూ వినబడింది.

"కొలతలు తీసి పంపు" అన్నారు నాన్న.