సర్క్యూట్ బొమ్మ ఇస్తే పోయేదేముంది?

ఫంక్షన్ హాళ్ల గేటు దగ్గర ఒంటి చుట్టూ తిప్పే మెటల్ డిటెక్టర్లు నా రేడియో రిపేరు షాపుకు తరచూ వస్తుంటాయి. ‘బోర్డు పోయిందట, కొత్తది కొనమన్నారు’ అంటూ తెస్తారు. నేను చూసినంతలో బోర్డు పోవడం అరుదు.

ముందు 9 వోల్టుల బ్యాటరీని అనుమానించండి. విడిగా కొలిస్తే మీటరు 9 చూపిస్తుంది. స్విచ్ వేసి, కూత వస్తుండగా కొలవండి. 6కి జారితే బ్యాటరీ మార్చండి చాలు. చిలుము పట్టిన కాంటాక్టులు గీకితే బాగుపడతాయి.

కాయిల్ దగ్గరే ఓపిక కావాలి. బ్యాటరీ తీసేసి, కాయిల్ రెండు కొసలకూ మీటరు ఆనించండి. ఓమ్స్‌లో అంకె ఏదీ రాకపోతే ఎక్కడో తెగినట్టే. చాలాసార్లు తెగేది చుట్ట లోపల కాదు, సోల్డర్ పెట్టిన చోట. వైరును మెల్లగా వంచితే అంకె గంతులేస్తుంది. అన్నట్టు, ఇనుప బల్ల మీద పరీక్షించకండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో తూటాను ఇలాంటి పరికరంతోనే వెతికిన గ్రాహంబెల్‌నే పరుపు స్ప్రింగులు తికమకపెట్టాయి. కరెంటుతో నడిచే గుమ్మం మోడల్‌ను మాత్రం ఇంట్లో విప్పొద్దు.

నా కోపం తయారీదారుల మీద. చిప్పుల మీద నంబర్లు గీకేస్తారు, బోర్డు మీద ఎపాక్సీ పోసేస్తారు. 2022లో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ పెట్టింది, సంతోషం. కానీ అదొక్కటే చాలదు. డబ్బాలో సర్క్యూట్ బొమ్మ ఉంటేనే కొంటామని దేవస్థానాలు, ప్రభుత్వ ఆఫీసులు టెండర్లలో రాయొచ్చుగా!