ఉపాధ్యాయుని భారము – మన బాధ్యత

ఆంధ్ర సరిహద్దునకు చేరువనున్న మన గౌనిపల్లి పరిసర గ్రామములలో ఎందఱో బిడ్డలకు ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడము. ఈ రెంటిని కలుపవలసినవాడు ఒకటవ తరగతి ఉపాధ్యాయుడు. కన్నడమున పాఠము చెప్పి, బిడ్డ మొగము చూచి, తెలుగున విడమరచి, మరల కన్నడమునకు రావలెను. ఇది ఒక పాఠమునకు రెండు పాఠముల శ్రమ. ఈ శ్రమకు ఏ రిజిష్టరులోను పద్దు లేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము 60 మంది వఱకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దఱు ఉపాధ్యాయులుండవలెను. నలి-కలి పద్ధతిలో మొదటి మూడు తరగతులు ఒకరికి, నాలుగైదు తరగతులు మఱియొకరికి వచ్చును. వారిలో ఒకరు శిక్షణకో, సభకో పోయినచో అయిదు తరగతులును రెండవవారిపై పడును. వీనికి తోడు మధ్యాహ్న భోజనపు లెక్కలు, పాల లెక్కలు, కంప్యూటరులో నింపవలసిన వివరములు. చిన్న బడికి గుమాస్తా లేడు. గుమాస్తా పని మాత్రము కలదు.

జనగణన, విపత్సహాయము, ఎన్నికలు తప్ప బోధనేతర కార్యములకు ఉపాధ్యాయులను వినియోగింపరాదని అదే చట్టపు 27వ సెక్షను శాసించుచున్నది. అయినను 2025 సెప్టెంబరు 22న ప్రారంభమైన రాష్ట్ర సామాజిక, విద్యా సర్వేకు ఉపాధ్యాయులు ఇంటింటికి తిరిగిరి. అందుకై దసరా సెలవులను అక్టోబరు 18 వఱకు పొడిగింపవలసివచ్చెను. సర్వే ప్రయోజనమును మేము కాదనము. కాని అట్లు పోయిన దినములు బిడ్డల పాఠదినములని మఱవరాదు.

“నెలజీతము వచ్చుచుండగా అలసట యేమి?” అని మనలో కొందఱు ప్రశ్నింతురు. తుదముట్టని వృత్తిభారమువలన కలుగు నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో వ్యాధిగా గాక, వృత్తి సంబంధమైన స్థితిగా పరిగణించినది. కావున దోషమును మనిషియందు గాక పని పరిస్థితులయందు వెదకవలెను. జీతము పెరిగినంతమాత్రమున దినమునకు గంటలు పెరుగవు. అలసిన గురువు కోపపడకపోవచ్చును. కాని అర్థము కాని బిడ్డకు రెండవమారు చెప్పు ఓపిక అతనికి మిగులదు. ఆ రెండవమారే మన బిడ్డలకు ముఖ్యము.

అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. సరిహద్దు బడులలో తెలుగు, కన్నడము రెండును తెలిసినవారిని నియమించుట, కొన్ని బడులకు కలిపియైన ఒక గుమాస్తానిచ్చుట, సెలవుపై పోయినవారికి బదులు ఉపాధ్యాయుని పంపుట – ఇవి మా కోరికలు. ఇందు కన్నడమునకు విరోధమేమియు లేదు. మన బిడ్డలకు కన్నడము చక్కగా అబ్బుటకును ఇదియే మార్గము.

ప్రభుత్వమును అడుగువారము మనము చేయవలసినదియు కలదు. ఎస్.డి.ఎం.సి. సభ్యులు తనిఖీదారులవలె గాక సహాయకులవలె బడికి పోవలెను. భోజన సామగ్రిని సరిచూచుట, బడికి రాని పిల్లల ఇండ్లకు పోయి పిలుచుకొనివచ్చుట మన పెద్దలు చేయగల పనులే. గురువునకు దండలు వేయుటకు సెప్టెంబరు 5వ తేదీ యొకటి చాలును; అతని గంటలు అతనికి మిగుల్చుటకు సంవత్సరమంతయు పాటుపడవలెను. మన కుటుంబములు ఈ పనికి పూనుకొనునని ఆశించుచున్నాము.