మేకర్ ఎవరు, మెకానిక్ ఎవరు?



బెజవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊరి బైపాస్ పక్కనో రేకుల షెడ్డు మీద ‘టింకరింగ్ - పెయింటింగ్’ అన్న బోర్డు చూసే ఉంటారు. బండి సొట్టలు తీసే పని. అక్కడ సుత్తి పట్టినవాడికి యాభై ఏళ్ళున్నా కారు దిగినాయన నోట ‘అరేయ్’ అనే వస్తుంది. అదే మాట 2016లో బడిలోకి వచ్చింది. నీతి ఆయోగ్ వాళ్ళు ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా గ్రాంటు పెట్టి అటల్ టింకరింగ్ ల్యాబులు తెరిచారు. షెడ్డులో చేస్తే కూలిపని, ల్యాబులో చేస్తే ఇన్నోవేషన్! ఇంగ్లీషులో మాత్రం ఈ మాటకు గౌరవం ఉండేదా? ఊరూరా తిరిగి చిల్లుగిన్నెలకు మాట్లు వేసుకుని బతికేవాళ్ళను ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో ‘టింకర్’ అని ఈసడించేవాళ్ళు. తిట్టును కడిగి, తుడిచి, ల్యాబు గుమ్మానికి తగిలించారు. తిట్లు తిన్నవాళ్ళని మాత్రం లోపలికి పిలవలేదు.

“ఓపెన్ సోర్స్‌లో కులం ఎక్కడుంది అక్కా? సర్క్యూట్ బొమ్మ నెట్‌లో ఉంది, ఎవరైనా దించుకోవచ్చు కదా” అని ఒక ఇంజనీరు తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. నేను చదివింది సాహిత్యం, సర్క్యూట్లు కాదు. కానీ ఎవరి పేరు శాసనం మీద ఉంటుంది, ఎవరి పేరు ఉండదు అన్నది మాత్రం మా సబ్జెక్టే.

ఆర్డుయినో సంగతే చూడండి. హాబీ ఎలక్ట్రానిక్స్‌లో అడుగుపెట్టిన ప్రతి పిల్లాడూ ముందు పట్టుకునే నీలం బోర్డు అది. 2005లో ఇటలీలోని ఇవ్రేయా అనే ఊళ్ళో పుట్టింది. దాని డిజైన్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, తయారుచేసి అమ్ముకోవచ్చు. గొప్ప విషయమే, కాదనను. అయితే దానికి పునాది వేసింది వైరింగ్ అనే ప్రాజెక్టు. అక్కడే చదువుకున్న కొలంబియా దేశపు విద్యార్థి హెర్నాండో బర్రగాన్ 2003లో మాస్టర్స్ థీసిస్‌గా మొదలుపెట్టాడు. ఆర్డుయినో అనగానే లోకం తలుచుకునే పేర్లలో అతని పేరు లేదు. చివరికి 2016లో ఆ చరిత్రను అతనే రాసుకోవాల్సి వచ్చింది. ఇంకో ముచ్చట. ఆర్డుయినో అన్నది ఆ ఊళ్ళో ఒక బారు పేరు. ఆ బారుకేమో వెయ్యేళ్ళ కిందటి రాజు పేరు. రాజు పేరు బోర్డుకెక్కింది, విద్యార్థి పేరు జారిపోయింది. మన గుళ్ళ శాసనాల్లో రాయి చెక్కినవాడి పేరు వెతికినవాళ్ళకి ఇదేం కొత్త కాదు.

ఇక ఇక్కడికి వద్దాం. మొన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మేకర్ ఫెస్ట్. తెలుగు లెక్చరర్ని కదా, యాంకరింగ్‌కి పిలిచారు. ఫోన్ నుంచి పొలం మోటారు ఆన్, ఆఫ్ చేసే ప్రాజెక్టు మొదటి బహుమతి కొట్టింది. నలుగురి టీమ్. మోటారు ఆగిన ప్రతిసారీ ఆర్డుయినో రీసెట్ అయిపోతుంటే ముగ్గురూ రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికారట. నాలుగోవాడు మా వాడ పిల్లాడు, హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. వాళ్ళ నాన్నది మోటారు వైండింగ్ షాపు. తప్పు కోడ్‌లో లేదు, స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిల్ వదిలేటప్పుడు కొట్టే కరెంటు దెబ్బలో ఉందని వాడు పట్టుకున్నాడు. కాయిల్‌కి అడ్డంగా ఒక రెసిస్టరూ ఒక కండెన్సరూ వేశాడు. రీసెట్ ఆగింది. పోస్టర్ మీద మాత్రం ‘ఇన్నోవేటర్స్’ కింద ముగ్గురి పేర్లే ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో ‘హార్డ్‌వేర్ సపోర్ట్’ అని వీడి పేరు. ఆ పోస్టర్‌ని మైకులో చదివింది నేనే. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

కోడ్ రాసేది బుర్ర, టంకం వేసేది చెయ్యి. ఈ గీత ఎవరు గీశారు? కులం పనులనే కాదు, పనిచేసే మనుషుల్నే విడగొట్టి ఒకరి మీద ఒకరిని నిలబెడుతుందని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ నిర్వచనంలో మనుషుల పట్ల, సమూహాల పట్ల వివక్ష చూపకూడదని ఒక షరతు ఉంది. చాలా సంతోషం. ఆ షరతు లైసెన్సుకి వర్తిస్తుంది తమ్ముడూ, ల్యాబు తాళానికి కాదు. తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో, ఓసిలోస్కోప్ దగ్గర ఎవరు కూర్చుంటారో, వైర్లు కత్తిరించే పని ఎవరికి పడుతుందో ఆ కాగితంలో రాయరు.

మన చేతుల్లో పుట్టుకతోనే నైపుణ్యం ఉందని పొగిడేవాళ్ళు తయారయ్యారు. వాళ్ళంటే నాకు ఇంకా భయం. వైండింగ్ రక్తంలో వచ్చేది కాదు, బడి మానేసిన పిల్లాడు ఎండాకాలమంతా రాగితీగ చుట్టి నేర్చుకునేది. తోలుపని కూడా అంతే. తంగేడు చెక్కతో తోలు శుద్ధి చేసే విద్యకు మా తాతలు పేటెంట్ తీసుకోలేదు, దాచిపెట్టలేదు. ఊరు చెప్పులు తొడుక్కుంది, పేరు అడగలేదు. పేరు ఎగ్గొట్టిన ఓపెన్ సోర్స్ మాకు తరతరాలుగా తెలుసు.

పాత రేడియోలు, టీవీలు చాలావాటికి సర్క్యూట్ బొమ్మ వెంటే వచ్చేది. దాన్ని చూసే రిపేరు నేర్చుకున్నారు ఎంతోమంది. ఇప్పటి ఫోన్లకు కంపెనీలు ఆ బొమ్మ ఇవ్వవు. అయినా మల్టీమీటర్ పట్టుకుని ఒక్కో పాయింటూ తడుముతూ బోర్డును చదివే కుర్రాళ్ళు ప్రతి సెంటర్‌లోనూ ఉన్నారు. వాళ్ళని ఏ మేకర్ ఫెస్ట్ జడ్జిగా పిలిచింది? ఒరిజినల్ ఆర్డుయినో కొనలేక కొన్ని వందలకు క్లోన్ కొనుక్కున్న పిల్లాణ్ణి ‘చైనా మాల్’ అని వెక్కిరించేవాళ్ళకు ఒక మాట. ఆ కంపెనీ పేరూ ముద్రా వాడుకోనంత వరకు క్లోన్ చెయ్యొచ్చని ఆ లైసెన్సే చెబుతోంది. అది దొంగ సరుకు కాదు, మీరు పొగిడే సిద్ధాంతానికి పుట్టిన బిడ్డే.

ఆ హాస్టల్ పిల్లాడు నిన్న ఫోన్ చేశాడు. తన సర్క్యూట్‌ని గిట్‌హబ్‌లో పెడుతున్నాడట, వివరం తెలుగులో రాశాడు, దిద్దిపెట్టమన్నాడు. మొదటి లైన్లో వాడి పేరు, రెండో లైన్లో వాళ్ళ నాన్న షాపు పేరు. రెండు ఒత్తులు సరిచేశాను. ‘కండెన్సర్’ని కెపాసిటర్ చేయమంటారా మేడం అని అడిగాడు. అలాగే ఉంచమన్నాను.