అసహ్యం సరే, ముద్ర ఏదీ?

ఈ వారం ఒకటే వీడియో ఒకరి తర్వాత ఒకరు నా ఫోనుకి పంపించారు. కజకిస్తాన్‌లో ఉంటున్న మన తెలుగు కుర్రాడొకడు అల్మాటీ గ్రీన్ బజారులో గుర్రపు మాంసం అమ్మే వరసలోకి వెళ్తాడు. తలకి గుడ్డ కట్టుకున్న పెద్దావిడ చిన్న ముక్క కోసి, రుచి చూడమని చేయి చాపుతుంది. కుర్రాడు అది నోట్లో వేసుకుని, కెమెరా వైపు తిరిగి, మొహం వికారంగా పెట్టి, ఆవిడ ఎదురుగానే ఉమ్మేస్తాడు. ‘ఛీ, వీళ్ళు మనుషులేనా’ అంటాడు. ఆవిడకి తెలుగు రాదు గానీ విషయం అర్థమైంది. చాపిన చేయి వెనక్కి తీసుకుని, చాకుని గుడ్డతో తుడుచుకుంది. ఆ వీడియో కింద మనవాళ్ళు ఆవిడ జాతి మొత్తాన్ని తిట్టిపోశారు. చూసి నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా కోపం వచ్చింది.

తినకపోవడం తప్పు కాదు. నచ్చకపోతే గుండె మీద చేయి పెట్టుకుని వద్దమ్మా అంటే ఏ దేశంలోనైనా అర్థం చేసుకుంటారు. పెట్టిన మనిషి ముందే ఉమ్మడం తప్పు. మన ఊరొచ్చిన విదేశీయుడు మన గోంగూర బోటీ చూసి, నల్ల వేపుడు చూసి ఇదే పని చేస్తే మనం ఊరుకుంటామా? తలకాయ కూర, కాళ్ళ పులుసు లొట్టలేసుకుంటూ తినే మనం ఇంకొకరి కంచం చూసి ముక్కు మూసుకోవడమేమిటి?

ఆ కుర్రాడు ఉమ్మేసినదాని పేరు కజీ. గుర్రపు పక్కటెముకల మాంసాన్ని కొవ్వుతో సహా తీసి, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి, శుభ్రం చేసిన గుర్రపు పేగులో కూరి, రెండు కొసలూ కట్టేస్తారు. సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. మా చెల్లెలి కూతురు అక్కడ మెడిసిన్ చదువుతున్నప్పుడు దాని స్నేహితురాలి ఇంట్లో నేనూ తిన్నాను. వెడల్పాటి పళ్ళెంలో రొట్టెపిండితో చేసిన పలచటి పట్టీలు పరిచి, వాటి మీద గుండ్రంగా కోసిన కజీ ముక్కలు పేర్చారు. ముదురెరుపు మాంసం, చుట్టూ పసుపు రంగు కొవ్వు. మాంసంలో సన్నటి తీపి ఉంది. వేటమాంసం కొవ్వు చల్లారితే అంగిలికి అంటుకుపోతుంది కదా, ఇది అలా కాదు, నాలుక మీద ఇట్టే కరిగిపోయింది. నీచు వాసన లేదు. తర్వాత గిన్నెల్లో పోసి ఇచ్చిన వేడి రసం తాగితే ఆ చలిలో ప్రాణం లేచొచ్చింది. ఆ ఇంటి ముసలాయన నా పళ్ళెంలో ముక్కలు తగ్గినప్పుడల్లా తన చేత్తో వేస్తూనే ఉన్నాడు.

వాళ్ళకిది వింత తిండి కాదు. చలికాలం మొదట్లో గుర్రాన్ని కోసి, బంధువులను పిలిచి పెట్టి, మిగిలింది ఉప్పేసి ఎండబెట్టి వసంతం దాకా వాడుకుంటారు. ఆ దేశపు ఉత్తర ప్రాంతంలో దాదాపు 5,500 ఏళ్ళ కిందట బొటాయ్ అనేచోట బతికిన జనం కూడా ప్రధానంగా గుర్రపు మాంసమే తిన్నారు. పంట పండించడం కష్టమైన గడ్డిమైదానంలో, గడ్డిని మనిషికి పనికొచ్చే తిండిగా మార్చే జంతువుల్లో గుర్రం ముఖ్యమైంది. మంచు కప్పినా గిట్టలతో తవ్వుకుని మేత వెతుక్కోగలదు. అక్కడ గుర్రం తినకపోతే ఇంకేం తినాలో ఆ కుర్రాడు చెప్పాలి.

జపాన్‌లో కుమమోతో వాళ్ళు పచ్చి గుర్రపు మాంసాన్ని పలచగా కోసి, అల్లంతో, సోయా రసంతో తింటారు. పచ్చిదే అయినా పరాన్నజీవులు చావడానికి ముందుగా గడ్డకట్టించాలన్న కట్టడి ఉంది. ఫ్రాన్స్ 1866లో గుర్రపు మాంసం అమ్మకాన్ని చట్టబద్ధం చేసింది. అంతకు చాలా ముందే, 732లో పోప్ మూడో గ్రెగరీ దాన్ని నిషేధించాడు. ఐస్‌లాండ్ వాళ్ళు క్రైస్తవం పుచ్చుకున్నప్పుడు మాత్రం గుర్రపు మాంసం మానేది లేదని షరతు పెట్టుకున్నారు. అంటే ఈ అసహ్యం పుట్టుకతో వచ్చేది కాదు. ఎవరో నేర్పితే వస్తుంది.

నేర్చుకున్న అసహ్యానికి మనమే పెద్ద సాక్షులం. విజయనగరంలో ఉండి వెళ్ళిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్, 1530లలో అక్కడి తిండి గురించి రాసిపెట్టాడు. ఆవు, ఎద్దు తప్ప రాజులు అన్నీ తింటారన్నాడు. జింక, పంది, కుందేలు, కౌజు, పావురంతో ఆపలేదు. పిచ్చుకలు, ఎలుకలు, పిల్లులు, బల్లులు కూడా ఆ నగరం బజారులో అమ్ముతారని రాశాడు. గుర్రం ఆ జాబితాలో లేదు. ఉండే వీలూ లేదు. అక్కడి రాజు సాళువ నరసింహుడు, ఓడలో వస్తూ సముద్రంలో చచ్చిపోయిన గుర్రాల తోక తెచ్చి చూపించినా పూర్తి ధర కట్టేవాడట. అంత ఖరీదైన జంతువుని ఎవరు కోసుకు తింటారు?

అదే బజారు గురించి నూనిజ్ ఇంకో మాట రాశాడు, నాకు ముఖ్యమైంది అదే. వేటాడి తెచ్చిన జంతువులను ప్రాణంతోనే అమ్మాలి, కొనేవాడికి తను కొంటున్నదేమిటో తెలియాలి. అయిదు వందల ఏళ్ళ కిందటి కట్టుబాటు అది.

నా దృష్టిలో మాంసం గురించి అడగాల్సిన ప్రశ్నలు రెండే. పశువు ఆరోగ్యంగా ఉందని ఎవరైనా పరీక్షించారా? కొనేవాడికి అదేమిటో నిజం చెప్పారా? 2013లో యూరప్‌ని కుదిపేసిన గొడవ కూడా దీని గురించే. ఐర్లాండ్ ఆహార భద్రతా సంస్థ గొడ్డుమాంసం బర్గర్లు 27 పరీక్షిస్తే 10 నమూనాల్లో గుర్రం ఆనవాళ్ళు దొరికాయి. ఒకదానిలోనైతే మాంసంలో 29 శాతం గుర్రమే. పందెపు గుర్రాలకిచ్చే నొప్పి మందు తిండిలోకి వచ్చిందేమోనని జనం హడలిపోయారు. అక్కడ నేరం గుర్రాన్ని తినడం కాదు, గుర్రాన్ని గొడ్డని అమ్మడం.

ఇక మన ఇంటి సంగతికొద్దాం. గుంటూరు, ప్రకాశం, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో గాడిద మాంసం చాటుమాటుగా అమ్ముతున్నారని కొన్నేళ్ళుగా వార్తలు వస్తూనే ఉన్నాయి. 2022లో బాపట్లలో పోలీసులు దాడి చేసి పట్టుకున్నారు. నడుం నొప్పి పోతుందని, ఉబ్బసం తగ్గుతుందని, మగతనం పెరుగుతుందని కొంటున్నారు. అందులో ఒక్కదానికీ ఆధారం లేదు. ఆహార భద్రతా నిబంధనల్లో తిండికి కోయదగ్గ పశువుల జాబితాలో గాడిదా లేదు, గుర్రమూ లేదు. కాబట్టి ఆ మాంసాన్ని ఏ వైద్యుడూ చూడడు. 2012 పశుగణనలో దేశంలో 3 లక్షల 20 వేల గాడిదలుంటే 2019 నాటికి 1 లక్షా 20 వేలే మిగిలాయి. యంత్రాలొచ్చి బరువులు మోసే పని పోవడం ఒక కారణమైతే, కోతకి పోవడం ఇంకో కారణం. చాకలి ఇంట, ఇటుక బట్టీలో జీవితమంతా మోసిన జీవాన్ని ఎక్కడి నుంచో దొంగతనంగా లారీలో కుక్కి తెచ్చి కాలవ గట్టున కోస్తున్నారు. అల్మాటీ పెద్దావిడని తిట్టిపోసినవాళ్ళలో ఎంతమంది దీని మీద ఒక్క మాట రాశారు?

మన యానాదులు పొలాల్లో ఎలుకలు పట్టి రైతు గింజలు కాపాడతారు, ఆ ఎలుకలనే వండుకుంటారు. తొలకరికి ఉసిళ్ళు పట్టి వేయించుకునే ఊళ్ళు మనకున్నాయి. ఎరుకల వాళ్ళు పంది తింటారని బడిలో వాళ్ళ పిల్లలను ఏడిపించేవాళ్ళూ మనలోనే ఉన్నారు. ఎవరి కంచాన్ని తక్కువ చెయ్యాలో చిన్నప్పుడు ఇక్కడే నేర్చుకుని, పెద్దయ్యాక విమానం ఎక్కుతున్నాం.

గాడిదని వదిలెయ్యండి. ఆదివారం పొద్దున్నే మనం వరసలో నిలబడి కొనే వేటమాంసం సంగతేమిటి? 2019 లెక్కల్లో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశానికి మొదటిది, కోటీ 90 లక్షలు. ఆంధ్రప్రదేశ్ రెండోది. ముక్క లేనిదే ముద్ద దిగని రాష్ట్రాలివి. 2001 నాటి కబేళా నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న కబేళాలోనే పశువుని కోయాలి, కోసేముందు పశువైద్యుడు చూడాలి, ఒక వైద్యుడు గంటకు 12 పశువులకు మించి పరీక్షించకూడదు. మా వీధిలో కొట్టు ముందు మురుగు కాలవ పక్కనే కోస్తున్నారు. తోక చూసి మేకో గొర్రో పోల్చుకోవడమే మనకున్న పరీక్ష. ఆ జీవానికి రోగముందో లేదో, అది కత్తికి చచ్చిందో జబ్బుతో చచ్చిందో తోక చెప్పదు. చచ్చిన పశువుని కోసుకుని ఆంత్రాక్స్ తెచ్చుకున్న కుటుంబాలు విశాఖ మన్యంలో ఉన్నాయి. మాంసం ముక్క ఏ జంతువుదో డీఎన్‌ఏతో తేల్చే పరిజ్ఞానం హైదరాబాద్ పక్కనే, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో ఉంది. లేనిదల్లా పట్టణానికో సరైన కబేళా, అందులో కూర్చునే పశువైద్యుడు, ఆయన చేతిలో ముద్ర.

గొర్రెలు పంచడానికి ప్రభుత్వాల దగ్గర డబ్బుంటుంది, గొర్రెలను శుభ్రంగా కోయడానికి ఉండదు. ఓటు గొర్రె దగ్గర ఆగిపోతుంది, కబేళా దాకా రాదు.

అందుకని చదివేవారికి నాదొక విన్నపం. ఆ వీడియో మీకొస్తే ఇంకొకరికి పంపకండి. ఈ ఆదివారం మాంసం కొట్టుకి వెళ్ళినప్పుడు, తొడ మీద మున్సిపాలిటీ ముద్ర ఉందా అని అడగండి. కొట్టువాడిని కసరకండి, కబేళా లేని ఊళ్ళో అతను మాత్రం ఎక్కడికి పోతాడు? ముద్ర లేదంటే ఇంటికొచ్చి మీ మున్సిపల్ కమిషనర్‌కి ఉత్తరం రాయండి, దాని నకలు మీ కౌన్సిలర్‌కి ఇవ్వండి.