లెక్క తాగక ముందే తేలాలి

చలికాలం సెలవు రోజుల్లో చింతపల్లి, లంబసింగి దారులన్నీ బయటి ఊళ్ల కార్లు, బైకులతో నిండిపోతాయి. రాత్రి టెంట్ల దగ్గర చలిమంట, మంట చుట్టూ మందు. తెల్లారుజామున నాలుగింటికల్లా మబ్బుల తెరలు చూడ్డానికి చెరువులవేనం కొండకు ప్రయాణం. రాత్రి తాగినది నిద్రతో దిగిపోయిందని బండి తీసేవాళ్లంతా నిజాయతీగానే నమ్ముతారు. చిక్కు ఆ నమ్మకంలోనే ఉంది. మత్తు దిగినట్టు అనిపించడానికీ, రక్తంలోంచి మద్యం పోవడానికీ మధ్య కొన్ని గంటల తేడా ఉంటుంది.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడమే కాదు, నడపబోవడం కూడా నేరమే. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 కిలోల బరువున్న మగవాడు అదొక్కటి గబగబా తాగినా రక్తంలో మోతాదు 50 దగ్గరకు చేరుతుంది. అంటే ఒక్క పెగ్గుకే చట్టం గీసిన గీత దాటేసినట్టు. క్వార్టర్ తాగితే లెక్క 150 దాకా పోతుంది. కాలేయం దాన్ని గంటకు దాదాపు 15 చొప్పున మాత్రమే తగ్గించగలదు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి క్వార్టర్ పూర్తిచేసినవాడి రక్తంలో తెల్లారుజామున నాలుగింటికి ఇంకా 45 మిగిలే ఉంటుంది. కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం మెలకువ తెప్పిస్తాయేమో కానీ ఆ అంకెను ఒక్క మిల్లీగ్రాము కూడా దించలేవు. మనిషి బరువును బట్టి, కడుపులో ఉన్న తిండిని బట్టి ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది. అందుకే దాన్ని నమ్ముకుని తాళం తిప్పడం ప్రమాదం.

సీసా మీద శాతం రాసి ఉన్న మందుకే ఇంత చిక్కుంటే, మన్యంలో తాగేవాటికి ఆ రాతా ఉండదు. పొద్దున చెట్టు నుంచి దించిన జీలుగు కల్లు తియ్యగా ఉంటుంది. అదే కుండలో ఎండ ఎక్కేకొద్దీ పులిసి, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. ఇప్పసారా ఘాటు ఏ బట్టీకి ఆ బట్టీదే. రెండు గ్లాసులే తాగానన్న మాటకు ఇక్కడ కొలతగా విలువ లేదు. పైగా ఎంత తాగామో, ఎలా ఉన్నామో తూచి చూడాల్సింది మెదడు. మద్యం ముందుగా మొద్దుబార్చేది ఆ తూచే శక్తినే. బాగానే ఉన్నానని తాగినవాడు చెప్పే సాక్ష్యం ఎప్పటికీ చెల్లదు.

ముప్పై లోపు చట్టం ఒప్పుకుంటోంది కదా అని వాదించేవారున్నారు. ముప్పై దగ్గర మొదలయ్యేది శిక్ష. చూపు, వేగం అంచనా, బ్రేకు మీద కాలు పడే వేళ అంతకుముందే తడబడతాయి. మంచు కమ్మిన ఘాట్‌లో, ఎదుట వచ్చే జీపు మలుపు తిరిగాక గానీ కనబడని చోట, అర సెకను ఆలస్యం చాలు. తాగినవాడి ప్రాణమే కదా పోయేది అనడానికీ లేదు. 2025 అక్టోబరు 24 తెల్లారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మద్యం తాగిన యువకుడి బైకు పడిపోయింది. వెనక నుంచి వచ్చిన బస్సు కిందికి ఆ బైకు వెళ్లి మంటలు లేచాయి. అతనితో కలిపి 20 మంది చనిపోయారు. బస్సులో నిద్రపోతున్నవాళ్లు ఏ గ్లాసూ ముట్టలేదు.

పండగకూ పబ్బానికీ కల్లు ఆచారం, దాన్ని కాదనడం పట్నం వాళ్ల పెత్తనమని మరో అభ్యంతరం. ఆ ఆచారం కాలినడక కాలంలో పుట్టింది. తాగినవాడు తూలితే గట్టు పక్కన పడేవాడు. దాని చేతికి బైకు వచ్చింది ఈమధ్యే. తాగొద్దని ఎవరూ అనడం లేదు, ఆ రాత్రి తాళం ముట్టొద్దంటున్నారు. రాత్రిళ్లు బస్సుల్లేవన్నది మాత్రం న్యాయమైన ఫిర్యాదే. సంత రోజుల్లో, పర్యాటకుల రద్దీ వేళల్లో చీకటి పడ్డాక బస్సులు నడపమని ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సిందే. బస్సు లేకపోవడం కాలికి చెప్పే సాకు అవుతుంది కానీ, బ్రేకుకు చెప్పే సాకు కాదు.

మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి జైలు రెండేళ్ల దాకా, లేదా జరిమానా 15,000, లేదా రెండూ. తాగి నడపమని పురిగొల్పినవారినీ 188వ సెక్షన్ వదలదు. ఇంత చట్టం ఉన్నా బ్రెత్ ఎనలైజర్ తనిఖీ రాత్రి పదింటికి ఒకసారి జరిగి ఆగిపోతే, నాలుగింటికి కొండెక్కేవాళ్లు దానికి అందరు. తనిఖీ తెల్లారుజామునా జరగాలి. టెంట్లు, గదులు అద్దెకిచ్చేవాళ్లు తాగే అతిథుల తాళాలు రాత్రే తీసి ఉంచి, కొండకు స్థానిక డ్రైవర్లతో జీపు కుదిరిస్తే వాళ్లకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. ఇవన్నీ ఎలా ఉన్నా, తాగేవాడు తేల్చుకోవాల్సినది ఒక్కటుంది: మొదటి గ్లాసు ఎత్తక ముందే బండి ఎవరు నడుపుతారో చెప్పేయాలి. చెప్పలేకపోతే ఆ రాత్రికి అక్కడే పడుకోవాలి, తాగింది ఎక్కువైతే పొద్దున కూడా ఆగాలి.