తప్పుల లెక్క తేలాకే చదువు
ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్)లో అర్హత తప్పిన అభ్యర్థి మళ్లీ మొదటి పేజీ నుంచి పుస్తకాలు తిరగేసే ముందు, తన రెస్పాన్స్ షీటును ఫైనల్ కీతో సరిచూసుకోవాలి. పేపర్-1లో అయిదు విభాగాలు, ఒక్కోదానికి 30 మార్కులు. జనరల్ అభ్యర్థికి 150కి 90 రావాలి. 84 దగ్గర ఆగినవారికి తక్కువైంది ఆరే. అవి తెలియక పోయాయా, తొందరలో పోయాయా, సమయం చాలక పోయాయా అన్నది తేలాలి. పునాదే బలహీనమైతే అంతా చదవాల్సిందే కదా అనవచ్చు. నిజమే, కానీ ఆ బలహీనత గణితంలో ఉందో, శిశు వికాసంలో ఉందో చెప్పేది కూడా ఆ షీటే. పియాజే చెప్పిన శిశు వికాస దశలు కంఠతా వచ్చినా, తరగతి గదిలోని సందర్భమిచ్చి అడిగితే తడబడేవారికి కావలసింది మరో గైడు కాదు, అన్వయించే సాధన. ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి, ఇలా దిద్దుకున్న ప్రతి తప్పూ ఉద్యోగానికి దగ్గర చేస్తుంది.